అడగకూడదా, ఆజ్ఞే ఇవ్వాలా? విశ్వాసి అధికారం గురించి ఒక ప్రశ్న

కవిటి కుర్రోడు
అందరికీ వందనాలు. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పోయిన వారం మా సంఘంలో రాత్రి కూడికలు పెట్టారు. బయట నుంచి వచ్చిన దైవజనుడు దేవుని రాజ్యంలో విశ్వాసికి ఉన్న అధికారం గురించి వరసగా చెప్పారు. బాగానే చెప్పారు, జనం కూడా పక్క ఊళ్ళ నుంచి ఆటోలు కట్టించుకుని మరీ వచ్చారు. ఆయన చెప్పినదాంట్లో నా బుర్రకెక్కింది ఇది: పరలోకరాజ్యపు తాళపుచెవులు ప్రభువు మనకిచ్చేశాడు (మత్తయి 16:19), క్రీస్తుతో పాటు మనం పరలోకంలో కూర్చుని ఉన్నాం (ఎఫెసీ 2:6), కాబట్టి "ప్రభువా, దయచేసి చెయ్యి" అనేది బిచ్చగాడి ప్రార్థన, రాజు కొడుకు అడుక్కోడు, ఆజ్ఞ ఇస్తాడు, రోగాన్ని పేరు పెట్టి పిలిచి పొమ్మనాలి, పోయిందని నోటితో ప్రకటించాలి, ఆ తర్వాత పోలేదన్నట్టు ఏ పనీ చెయ్యకూడదు.

ఆ ఆఖరి ముక్క దగ్గరే నాకు టెన్షన్. మా అమ్మ చాలా కాలంగా డయాలసిస్ మీద ఉంది. ఆఖరి రాత్రి ఆవిడ తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, "అమ్మా, నువ్వు మళ్ళీ ఆ మిషను పక్కన పడుకున్నావంటే రోగాన్ని ఒప్పుకున్నట్టే" అన్నారట. ఇప్పుడు ఈ గురువారం వెళ్ళనంటోంది. నాన్న పని మీద చెన్నైలో ఉన్నారు, ఫోన్లో "మీ అమ్మ ఇష్టం" అంటున్నారు. మా పాస్టరు గారిని అడుగుదామంటే ఆ రోజు స్టేజీ మీద ఆయన కూడా ఆమేన్ అన్నారు.

నేను అడిగేది రెండే. నిజంగా అడగడం అవిశ్వాసమా? అమ్మకి ఏం చెప్పమంటారు?

రాత్రి డ్యూటీ
వాక్యం సంగతి పెద్దవాళ్ళు చెప్తారు. ముందు గురువారం సంగతి చూడు తమ్ముడూ. నేను విజయనగరంలో ఒక డయాలసిస్ యూనిట్‌లో నర్సుని.

సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటల చొప్పున చేస్తారు. మధ్యలో ఒకటి ఎగ్గొడితే ఒంట్లో నీరు చేరుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి వస్తే పడుకుంటే ఆయాసం, కూర్చుంటేనే గాలి ఆడుతుంది. అంతకన్నా భయపడాల్సింది పొటాషియం. అది పెరిగితే ముందు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు, మనిషి మామూలుగానే మాట్లాడుతూ ఉంటారు, గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. "ఎగ్గొట్టినా ఏమీ కాలేదు, స్వస్థత వచ్చింది" అనుకునేది సరిగ్గా ఆ సమయంలోనే. మీది కొబ్బరి నేల కాబట్టి ఇంకో మాట, బొండాం నీళ్ళు ఇవ్వకండి, అందులో పొటాషియం బాగా ఉంటుంది. ప్రార్థనకి వచ్చిన చుట్టాలు ప్రేమగా కొట్టి ఇచ్చేది అదే.

స్వస్థత నిజమైతే అది రక్తపరీక్షలో కూడా కనబడుతుంది. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ చూసి డాక్టరే ఆపమంటారు. అప్పుడు ఆపుదురుగాని.

చీపురుపల్లి బ్రదర్
ప్రైజ్ ది లార్డ్. సిస్టర్ చెప్పినదానికి నేను అడ్డం చెప్పను, మందులు మానెయ్యమని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ దైవజనుడు చెప్పిన మూల బోధ తప్పని తేల్చేయకండి. లూకా 10:19 చూడండి, "పాములను తేళ్లను త్రొక్కుటకును శత్రువు బలమంతటిమీదను మీకు అధికారము అనుగ్రహించియున్నాను" అని ప్రభువే అన్నాడు. మార్కు 11:23లో కొండతో మాట్లాడమన్నాడు, కొండ గురించి దేవుడితో మాట్లాడమనలేదు.

నేను సారాకి బానిసై పెళ్ళాం పుస్తెలు అమ్ముకున్నవాణ్ణి. ఎన్నో ఏళ్ళు "ప్రభువా, ఈ అలవాటు తీసెయ్యి" అని ఏడ్చాను. ఒక రాత్రి ఒక పెద్దాయన "నువ్వు ఏడవడం ఆపి దాన్ని పొమ్మను" అన్నారు. యేసు నామంలో పొమ్మన్నాను, మళ్ళీ ముట్టలేదు. ఇది పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు. మన సంఘాల్లో సగం మంది దేవుడి పిల్లలమని పాటలు పాడతారు, ఇంటికెళ్ళి దిష్టి తీయించుకుంటారు. వాళ్ళకి ఈ బోధ కావాలి.

గంటస్తంభం
నేను క్రైస్తవుణ్ణి కాదు, మా ఆవిడ వైపు వాళ్ళు వెళ్తారు కాబట్టి ఈ గోల కొంత తెలుసు. తప్పుగా అనుకోకపోతే ఒకటి అడుగుతాను. అందరికీ దేవుడి దగ్గరకి తిన్నగా దారుందంటారు, అందరికీ అధికారం ఉందంటారు. మరి ఆ చెయ్యి వేయించుకోడానికి స్టేజీ ముందు అంత లైను ఎందుకండీ? మా విజయనగరం పైడితల్లమ్మ దగ్గర లైను ఉందంటే అర్థం ఉంది, ఏడాదికొకసారి జాతరలో సిరిమాను తిరుగుతుంది, జిల్లా అంతా వస్తుంది. మీ దగ్గర లైనే ఉండకూడదు కదా లెక్క ప్రకారం?

పాలకొండ సిస్టర్
@గంటస్తంభం అన్నయ్యా, మీరు బయట నుంచి అడిగింది మేము లోపల అడగాల్సిన ప్రశ్న.

బొబ్బిలి మాస్టారు
బాబూ, కవిటి అబ్బాయీ, నీ మొదటి ప్రశ్నకి కొంచెం వివరంగా రాస్తాను. నేను పాత బాప్టిస్టు మనిషిని, 1870లలో కెనడా వాళ్ళు మన వైపు వచ్చి కట్టిన సంఘాల్లో పెరిగినవాణ్ణి. మాకు చేతులెత్తి అరవడం రాదు, అది మా లోటే అనుకో. వాక్యాన్ని ముందూ వెనకా చదవడం మాత్రం మా ఆదివారపు బడిలో బెత్తంతో నేర్పించారు.

తాళపుచెవి మాట మత్తయిలో మొదలవలేదు. యెషయా 22వ అధ్యాయం తియ్యి. హిజ్కియా రాజు కాలం. రాజగృహం మీద షెబ్నా అనేవాడు నిర్వాహకుడు. వాడు చేసిన పనేమిటంటే తన పేరు నిలవడానికి ఎత్తైన చోట సమాధి తొలిపించుకుంటున్నాడు, ఘనమైన రథాలు కూడా ఉన్నాయి. దేవుడు వాణ్ణి తీసేసి ఎల్యాకీము అనేవాడి భుజం మీద దావీదు ఇంటి తాళపు అధికారం పెడతానంటాడు. "అతడు తీయగా ఎవడును మూయజాలడు" అన్న మాట అక్కడిదే. ప్రకటన 3:7లో అదే మాట యేసు గురించి వస్తుంది. అంటే తాళం అసలు ఎవరి చేతిలో ఉందో గుర్తుపెట్టుకో. ఎల్యాకీముకి అధికారం ఇస్తూ దేవుడు అన్న ఇంకో మాట కూడా చూడు, అతడు యెరూషలేము వాళ్ళకి తండ్రి అవుతాడట. తాళం ఉన్నవాడు రాజు కాదు. రాజు ఇంట్లో వాళ్ళకి తలుపు తియ్యాల్సినవాడు.

ఇప్పుడు ఇది విను. ఎవరూ కూడికల్లో చెప్పగా నేను వినలేదు. కొన్నాళ్ళకి అష్షూరు రాజు సన్హెరీబు దండు యెరూషలేము మీదకి వచ్చింది, చరిత్రకారులు క్రీ.పూ. 701 అంటారు. అతని దూత రబ్షాకే గోడ కింద నిలబడి జనానికి వినబడేలా బూతులు తిడుతున్నాడు. ఆ మాటలు విని బట్టలు చింపుకుని రాజు దగ్గరకి వచ్చినవాళ్ళలో మొదటి పేరు ఈ ఎల్యాకీముదే (2 రాజులు 18:37). తర్వాత 19:2 చూడు, రాజు అతణ్ణి యెషయా ప్రవక్త దగ్గరకి పంపితే ఎలా వెళ్ళాడో తెలుసా, గోనెపట్ట కట్టుకుని. ప్రార్థన చెయ్యమని అడగడానికి. దావీదు ఇంటి తాళం భుజం మీద ఉన్న మనిషి గోనె కట్టుకుని "ప్రార్థన చెయ్యండి" అని అడిగాడు. అతనికి అధికారం లేదందామా? అవిశ్వాసి అందామా? అష్షూరును బంధిస్తున్నానని అతను గోడెక్కి అరవలేదు. అడిగాడు. ఆ రాత్రే అష్షూరు దండు కూలిపోయింది.

పేతురు సంగతి కూడా అంతే. మత్తయి 16:19లో తాళపుచెవులు ఇచ్చాడు, నాలుగు వచనాలు దాటగానే 23లో "సాతానా, నా వెనుకకు పొమ్ము" అన్నాడు, అదే పేతురుతో. ఎందుకంటే సిలువ వద్దన్నాడు. బాధ లేని రాజ్యం కావాలన్నాడు. ఆ కూడికల్లో 19వ వచనం చదివినవాళ్ళు 23 దాకా చదివారా అని నా అనుమానం.

బంధించడం విప్పడం మాట మళ్ళీ 18:18లో వస్తుంది. అక్కడ రోగం లేదు, దయ్యం లేదు. తప్పు చేసిన సహోదరుణ్ణి ఒంటరిగా కలిసి మాట్లాడమని, వినకపోతే ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్ళమని, ఆఖరికి సంఘానికి చెప్పమని ఉంది. వెంటనే పేతురు ఎన్నిసార్లు క్షమించాలి అని లెక్క అడిగాడు. అంటే ఆ అధికారం వాడాల్సింది మన మధ్య గొడవల్లో. మా సంఘంలో రెండు కుటుంబాలు స్థలం తగాదాతో ప్రభువు బల్ల దగ్గర ఒకరి పక్కన ఒకరు కూర్చోరు, ఏళ్ళు గడిచాయి. అక్కడ ఎవడూ విప్పడు. దయ్యాల్ని బంధించడానికి మాత్రం మైకులు కావాలి.

రాసింది ఎక్కువైంది. చిన్న అక్షరాలు కొడుతుంటే కళ్ళు లాగుతున్నాయి, రేపు మిగతాది.

చీపురుపల్లి బ్రదర్
మాస్టారూ, ఎల్యాకీము సంగతి బాగుంది, నాకు తెలియదు, నోట్ చేసుకున్నాను. అయితే అది పాత నిబంధన. సిలువ తర్వాత దేవాలయపు తెర చినిగింది, ఆత్మ దిగాడు. అపొస్తలుల కార్యాలు 3లో శృంగారం అనే ద్వారం దగ్గర కుంటివాడితో పేతురు ఏమన్నాడు? "ప్రభువా, వీణ్ణి బాగుచెయ్యి" అన్నాడా? "నడువుము" అన్నాడు. అది ఆజ్ఞ కాదా? దీనికి జవాబు చెప్పండి.

పాలకొండ సిస్టర్
నేను చెప్పొచ్చా బ్రదర్. మా ఆయన చిన్న సంఘానికి పాస్టరు. గిరిజన గ్రామాల్లోకి కూడా వెళ్తాం, దయ్యం పట్టిందని తీసుకొచ్చే కేసులు మీరు కూడికల్లో చూసేదానికన్నా నేను వంటింటి గుమ్మంలో ఎక్కువ చూశాను. కాబట్టి ఆజ్ఞాపించే ప్రార్థన లేదనే మనిషిని కాదు నేను. ఉంది. పేతురు నడవమన్నాడు, నిజమే. కానీ 9వ అధ్యాయంలో తబితా చనిపోయినప్పుడు అదే పేతురు ఏం చేశాడు? అందర్నీ బయటకి పంపేసి, మోకాళ్ళూని ప్రార్థన చేసి, తర్వాత శవం వైపు తిరిగి "లెమ్ము" అన్నాడు. జనాన్ని ముందుకి పిలవలేదు, బయటకి పంపాడు, అది గమనించండి. కుంటివాడి దగ్గర కూడా జనం మూగగానే 3:12లో ముందు అన్న మాట ఇది మా సొంత శక్తి కాదు, మా భక్తి కాదు అని. ఈ రోజుల్లో మూగిన జనాన్ని పంపేసేవాళ్ళు ఎంతమంది?

ఇంకోటి. 12వ అధ్యాయంలో హేరోదు యాకోబును కత్తితో చంపించాడు, పేతురును జైల్లో పెట్టాడు, పేతురు కోసం సంఘం ప్రార్థించింది, దూత వచ్చి విడిపించాడు. యాకోబుకి విశ్వాసం తక్కువైందా? యాకోబు భార్యతోనో తల్లితోనో "మీరు సరిగ్గా ప్రకటించలేదు" అని ఎవరైనా అని ఉంటారా? మా ఊళ్ళల్లో అంటున్నారు. పాప పోయిన తల్లితో అన్నారు, నేను అక్కడే ఉన్నాను. నోరు మూయించాను. అప్పుడు మాత్రం గట్టిగా ఆజ్ఞాపించాను, ఒప్పుకుంటాను 🙂

స్కెవ కొడుకుల కథ (అపొ. 19) కూడా ఒకసారి చదవండి. ఏడుగురు, దయ్యాన్ని వెళ్ళగొట్టబోయారు. "పౌలు ప్రకటించే యేసు తోడు" అని మంత్రంలా వాడారు. "నేను యేసును గుర్తెరుగుదును, పౌలునుకూడ ఎరుగుదును, గాని మీరెవరు" అంది ఆ ఆత్మ. బట్టల్లేకుండా పారిపోయారు. మాట అరువు తెచ్చుకుంటే పని చెయ్యదు.

అగరబత్తి
అంటే ఫార్ములా కాదు రిలేషన్‌షిప్ అంటారు. ఓకే. 👍

ఆర్.సి.ఎం. అమ్మాయి
మేము క్యాథలిక్కులం, శ్రీకాకుళం మేత్రాసనం (అంటే ఒక బిషప్పు గారి కింద ఉండే ప్రాంతం). మా దగ్గర ఆ తాళపుచెవులు పేతురుకీ ఆయన తర్వాత వచ్చిన వాళ్ళకీ అని నేర్పుతారు, ప్రతి ఒక్కరి జేబులో ఉన్నాయని కాదు. మీరు ఒప్పుకోరని తెలుసు. కానీ ఒక లాభం ఏంటంటే, మా ఫాదర్ గారు రోగులకి నూనె రాసే సంస్కారం ఇచ్చాక కూడా ఆసుపత్రికి వెళ్ళొద్దని నేనెప్పుడూ వినలేదు. యాకోబు 5:14లో కూడా పెద్దల్ని పిలిపించుకోమని ఉంది, రోగి ఇంటికి పెద్దలు వెళ్ళాలి. మీ కూడికల్లో రోగి స్టేజీ దగ్గరకి రావాలి. తేడా అక్కడే అనిపించింది.

సాలూరు లూథరన్
గంటస్తంభం గారు అడిగిన లైను ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నేను ప్రయత్నిస్తాను. మాది సాలూరు వైపు, జర్మనీ మిషన్ పెట్టిన లూథరన్ సంఘం.

రెండు విషయాలు కలిపేస్తున్నారు. దేవుడి దగ్గరకి వెళ్ళే దారి ఒకటి, దేవుడి తరఫున పని చేసే అధికారం ఒకటి. సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్స్ జరుగుతుంది, అర్జీలు పట్టుకుని పొద్దున్నుంచీ జనం నిలబడతారు. కలెక్టరు కూతురు ఆ వరసలో నిలబడదు, తిన్నగా ఇంట్లోకి పోయి నాన్న పక్కన కూర్చుంటుంది. అలాగని ఆ పిల్ల ఫైళ్ళ మీద సంతకాలు పెట్టదు, తాసీల్దార్లని బదిలీ చెయ్యదు. మొదటిది ఉందని రెండోది కూడా చేతిలో ఉన్నట్టు మాట్లాడుతున్నారు మనవాళ్ళు. పోనీ మొదటిదాన్నైనా వాడుకుంటున్నారా అంటే, ఇంట్లోకి పోగల పిల్ల మళ్ళీ వెళ్ళి బయట లైనులో నిలబడుతోంది, స్టేజీ ముందు.

లూథరు 1520లో గట్టిగా పట్టుకున్నది ఇదే, బాప్తిస్మం పొందిన ప్రతివాడూ యాజకుడే అని. 1 పేతురు 2:9 ఆధారం. ఆయన కాలంలో గురువులకి ఒక తరగతి, జనానికి ఒక తరగతి ఉండేది, దాన్ని కొట్టేశాడు. మనం అయిదు వందల ఏళ్ళ తర్వాత "దైవజనుడి అభిషేకం" అని మళ్ళీ ఆ మెట్టు కట్టుకున్నాం.

దారి గురించి వాక్యం ఎంత మెత్తగా మాట్లాడుతుందో చూడండి. హెబ్రీ 4:16, కృపాసనం దగ్గరకి ధైర్యంతో రమ్మంటుంది. ఎందుకు? కనికరింపబడడానికి, సమయానికి సహాయం దొరకడానికి. ధైర్యం ఉన్నది వెళ్ళడంలో, వెళ్ళి చేసేది అడగడమే. యోహాను 1:12లో ఇచ్చిన అధికారం కూడా దేవుని పిల్లలు అవడానికే. ఎఫెసీ 2:6 చదివిన దైవజనుడు 2:18 కూడా చదివితే బాగుండేది, తండ్రి సన్నిధికి చేరగలిగి ఉన్నాం అని అక్కడుంది. కూర్చున్నది తండ్రి దగ్గర. తండ్రి బదులు కాదు.

గంటస్తంభం
కలెక్టరు కూతురు బాగుంది. మా ఆవిడకి వినిపించాను, "మా పాస్టరు గారికి పంపండి" అంది. నేను పంపను, నాకెందుకొచ్చిన గొడవ.

చీపురుపల్లి బ్రదర్
లూథరన్ అన్నా, సంతకం పెట్టదన్నారు. యోహాను 14:13, 14 ఏం చెప్తున్నాయి? నా నామంలో మీరేమి అడిగినా చేస్తానన్నాడు. నామం ఇచ్చాడంటే అధికారం ఇచ్చినట్టే కదా.

బొబ్బిలి మాస్టారు
బ్రదర్, నువ్వు తెచ్చిన వచనంలోనే "అడుగుదురో" అని ఉంది చూసుకో. నీ మార్కు 11:23 కింద 24 కూడా చదువు, అక్కడా "అడుగుచున్న వాటినెల్లను" అనే ఉంది. 25లో ఎవరి మీదైనా కోపముంటే క్షమించమని. కొండతో మాట్లాడే మనిషి దేవుణ్ణి అడిగే మనిషే, పగ పెట్టుకోని మనిషే. మూడూ ఒకచోటే ఉన్నాయి, ఒకదాన్ని విడదీసి పోస్టరు మీద వెయ్యకూడదు.

నీ సారా సంగతి మీద నేను ఒక్క మాట కూడా అనను. అది దేవుడి పని, నా కళ్ళకి కూడా నీళ్ళొచ్చాయి. అయితే నిన్ను విడిపించినది నీ గొంతు పెద్దదవడం అనుకుంటే, ఎన్నో ఏళ్ళు నువ్వు ఏడ్చిన ప్రార్థనల్ని చెత్తబుట్టలో వేసినట్టు అవుతుంది. అవి వినబడలేదని నీకెవరు చెప్పారు?

అధికారం గురించి సువార్తల్లో యేసు ఎక్కువ మెచ్చుకున్న మనిషి ఆ శతాధిపతి, రోమా సైన్యాధికారి (మత్తయి 8). అతను ఏమన్నాడు, నేను కూడా అధికారానికి లోబడినవాణ్ణి అన్నాడు. పైవాడి మాట వినేవాడి మాటే కిందివాడు వింటాడు. ఇంకా చెప్పాలంటే దేవుడి కొడుకే గెత్సేమనే తోటలో అడిగాడు, "నీ చిత్తప్రకారమే" అన్నాడు. ఆయన బిచ్చగాడి ప్రార్థన చేశాడా? ఆ దైవజనుణ్ణి ఎవరైనా మర్యాదగా ఇది అడగాలి.

పౌలు తన శరీరంలో ముల్లు లాంటి బాధ గురించి మూడుసార్లు వేడుకున్నాడు, "నా కృప నీకు చాలును" అని జవాబొచ్చింది. తన తోటి పనివాడు త్రోఫిమును మిలేతులో రోగిగా వదిలి వచ్చాడు (2 తిమోతి 4:20). వదిలి వచ్చానని రాయడానికి సిగ్గుపడలేదు.

మోడరేటర్
ఇద్దరు సభ్యులు ఆ ప్రసంగీకుడి పేరు, ఊరు, యూట్యూబ్ లింకు పెట్టారు, తీసేశాను. బోధ గురించి మాట్లాడండి, మనిషి పేరు వద్దు. కుర్రాడి ఊరు కూడా గుచ్చి అడగకండి.

చీపురుపల్లి బ్రదర్
మాస్టారూ, ఏడ్చిన ప్రార్థనల మాట దగ్గర ఆగిపోయాను. దాని మీద ఇప్పుడేమీ రాయను.

కానీ ఒకటి మాత్రం వదలను. మీరంతా చదువుకున్నవాళ్ళు, ముందూ వెనకా చూసి బాగా చెప్తున్నారు. నా వెనక కూర్చునేవాళ్ళు కూలి పనికి పోయేవాళ్ళు, ఊళ్ళో తల వంచుకుని నడవమని పుట్టినప్పటి నుంచీ విన్నవాళ్ళు. నువ్వు రాజు బిడ్డవి, అపవాదికి భయపడకు అంటే వాళ్ళ వెన్ను నిటారు అవుతుంది. అది నేను కళ్ళతో చూశాను. ఆ మాట దుర్వినియోగం చేసేవాళ్ళున్నారని మాటే తీసేస్తే వాళ్ళకి మిగిలేది ఏంటి?

సాలూరు లూథరన్
ఈ మాట నిజం. మా పెద్ద సంఘాల్లో ఆ వెన్ను నిటారు చేసే పని మేము చెయ్యలేదు, అందుకే జనం మీ దగ్గరకి వచ్చారు. మాట తీసెయ్యమని నేను అనడం లేదు. ఆ కూలి మనిషి రాజు బిడ్డ అయితే, జబ్బు చేసినప్పుడు కూడా రాజు బిడ్డే అని కూడా చెప్పండి. బాగవకపోయినా. అది చెప్పకపోతే మొదటి జ్వరానికే ఆ వెన్ను మళ్ళీ వంగిపోతుంది.

కవిటి కుర్రోడు
అందరికీ థాంక్స్, అన్నీ చదివాను, కొన్ని అమ్మకి చదివి వినిపించాను. ఎల్యాకీము కథ రెండుసార్లు చదివించుకుంది. తర్వాత నేను 2 రాజులు 20వ అధ్యాయం కూడా చదివాను, అదే హిజ్కియాకి మరణకరమైన రోగం వచ్చి గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించడం, దేవుడు బాగుచేసి ఇంకా పదిహేనేళ్ళు ఇస్తానని చెప్పిన తర్వాత కూడా యెషయా అంజూరపు పళ్ళ ముద్ద తెప్పించి పుండు మీద వేయించడం. మాట వచ్చింది, మందు కూడా వేశారు. అమ్మ అక్కడ కాస్సేపు ఆలోచించి, "ఆయనకి పదిహేనేళ్ళు ఇచ్చాడు కదరా, నాకెన్ని ఇస్తాడో" అంది. నాకేం చెప్పాలో తెలియలేదు.

గురువారం వెళ్తానంది. నా పోరు పడలేక వెళ్తోందా, నమ్మి వెళ్తోందా తెలియదు.

ఇంకో మాట అడగాలి. ఆ కూడికల్లో ఉద్దానం మీద శాపం ఉందని, తరాల శాపాన్ని విరగ్గొట్టాలని చెప్పారు. మా వీధిలో చాలా ఇళ్ళల్లో కిడ్నీ రోగులున్నారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి ఆ మాట వింటే నిజమేనేమో అనిపించింది.

రాత్రి డ్యూటీ
శాపం కాదు తమ్ముడూ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇన్ని మండలాల్లో ఉంది ఈ జబ్బు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. నీళ్ళు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఇలా చాలా చూస్తున్నారు. ఇలాంటిదే శ్రీలంకలో ఉంది, మధ్య అమెరికాలో చెరకు కోసేవాళ్ళలో కూడా ఉంది. వాళ్ళందరి తాతలూ ఒకే పాపం చేశారా? 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి, ఇంటింటికీ మంచినీళ్ళ పథకం కూడా తెచ్చారు. శాపమని ఊరుకుంటే అవి అడిగేవాళ్ళే ఉండరు. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో ఇష్టం వచ్చినట్టు కొనొద్దని కూడికల్లో ఎవరైనా చెప్తే అది కూడా సేవే.

పాలకొండ సిస్టర్
యోహాను 9 చాలు దీనికి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగారు, వీడూ కాదు వీడి కన్నవాళ్ళూ కాదు అన్నాడు ప్రభువు. తిత్లీ తుపాను 2018లో మీ కొబ్బరీ జీడీ మొత్తం పడగొట్టినప్పుడు కూడా ఇలాగే శాపం అన్నారు. సాయం తెచ్చినవాళ్ళు మాత్రం ఆ మాట అనలేదు, టార్పాలిన్లు తెచ్చారు.

అమ్మ పదిహేనేళ్ళ ప్రశ్నకి జవాబు వెతకకు నాన్నా. ఆ ప్రశ్న నిన్ను అడగలేదు, ఆయన్ని అడిగింది. అడగనీ.

అగరబత్తి
గురువారం ఏమైందో చెప్పండి బ్రో, వెయిటింగ్.

కవిటి కుర్రోడు
వెళ్ళింది. బరువు చూస్తే నీరు ఎక్కువే చేరింది, నర్సు తిట్టింది. అయిపోయాక నీరసంగా ఉన్నా ఆయాసం తగ్గింది.

ఇప్పుడు కొత్త గొడవ. ఆదివారం ఆరాధనలో అమ్మని స్వస్థత సాక్ష్యం చెప్పమంటున్నారు. కూడికల తర్వాత పోస్టర్‌లో వెయ్యడానికట. వద్దంటే సంఘంలో మాకు మొహం ఉండదు, చెప్తే అబద్ధం. పాస్టరు గారు మంచివాళ్ళే, ఆయన మీద కూడా పైనుంచి ఒత్తిడి ఉన్నట్టుంది.

చీపురుపల్లి బ్రదర్
అబద్ధ సాక్ష్యం చెప్పించకూడదు. ఈ విషయంలో నేను మాస్టారి వైపే, మిగతా విషయాల్లో కాదు. మీ పాస్టరు గారితో మాట్లాడాలంటే నా నంబరు మెసేజ్‌లో ఇస్తాను, మా వైపు మనిషి చెప్తే వింటారేమో.

పాలకొండ సిస్టర్
పోస్టర్‌కి ఫొటో ఇవ్వకండి, అది ముందు చూసుకో. మైకు వద్దనక్కరలేదు. అమ్మ లేచి, "నాకింకా బాగవలేదు, వారానికి మూడుసార్లు వెళ్తున్నాను, దేవుడు నన్ను ఇంతవరకు ఉంచాడు, మీరు ప్రార్థన చెయ్యండి, కారు ఉన్నవాళ్ళెవరైనా ఒకసారి దింపితే సంతోషం" అని చెప్పి కూర్చోమను. అందులో ఒక్క అబద్ధం లేదు, ఎవర్నీ తప్పుపట్టినట్టు కూడా ఉండదు.

కవిటి కుర్రోడు
చదివి వినిపించాను. కారు సంగతి తప్పకుండా చెప్తానంది. ఆటోకి వెళ్ళి రావడానికే చాలా అయిపోతోంది.